తిత్తి మాది, కొలిమి వాళ్ళది

మా తాత తిత్తులు కుట్టేవాడు. కొలిమికి గాలి కొట్టే తోలు తిత్తులు. చుట్టుపక్కల నాలుగూళ్ళ కమ్మరి కొలుములకీ, ఇద్దరు ముగ్గురు కంచరి వాళ్ళకీ తిత్తులు మా గడపలోంచే పోయేవి. మేకతోలు తెచ్చి, సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరేసి, చుక్క గాలి బయటికి పోకుండా కుట్టేవాడంట. తిత్తి భుజానేసుకుని కొలిమి దాకా తీసకపోయి, పాక బయట పెట్టి, "అయ్యా, తిత్తి తెచ్చా" అని కేకేసి ఎనక్కి జరిగి నిలబడాలి. లోపలికి ఆయన ఎప్పుడూ పోలేదు. తాను కుట్టిన తిత్తి నిప్పుని ఎట్టా రాజేసిద్దో దగ్గర నుంచి చూడకుండానే మా తాత చచ్చిపోయాడు.

ఆయన మనవణ్ణి నేను. 1986 నుంచి ఈ పనిలో ఉన్నాను. కొలిమి లోపల నిలబడి, పదకొండు వందల డిగ్రీల కాకలో మరిగే లోహాన్ని అచ్చులోకి వంచుతాను. అంబేద్కర్లు, ఫూలేలు, ఎన్టీఆర్లు, సర్పంచులు, సర్పంచుల చచ్చిపోయిన తండ్రులు, ఎంతమందిని పోశానో లెక్క పెట్టుకోలేదు. నా పేరు ఏ విగ్రహం కిందా లేదు. శిలాఫలకం మీద ఆవిష్కరించినవాడి పేరుంటది, అధ్యక్షత వహించినవాడి పేరుంటది, విచ్చేసినవాళ్ళ పేర్లుంటయి. పోసినవాడి పేరు దగ్గరికొచ్చేసరికి రాయి చాలదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

మాది గుంటూరు జిల్లా, తెనాలికి సైకిలు మీద పోగలిగినంత దూరంలో కాలవ పక్కన ఒక ఊరు. పేరు రాయను. ఇందులో వచ్చే మనుషులు కొందరు ఇంకా బతికే ఉన్నారు, నా చెల్లెలి కాపరం కూడా అక్కడే. ఊరికి తూర్పున మాలపల్లె, దాన్ని ఆనుకుని మా మాదిగపల్లె. కమ్మర్లకి ఇనప బ్లోయర్లు వచ్చాక తిత్తుల పని మా తాతతోనే పోయింది. మా అయ్యకి ఆరె, రంపె, గూటం, ఒక నల్లరాయి మిగిలినయ్. ఆసాముల ఇళ్ళకి ఏడాది పొడుగూతా చెప్పులు కుట్టాలి, తెగితే బాగుచెయ్యాలి, కళ్ళంలో వాళ్ళు కొలిచినంత మేర తెచ్చుకోవాలి. మా అయ్య ఆసాముల ఎదట తలెత్తేవాడు కాదు. అందుకని ఆయనకి మొహాల కంటే పాదాలే బాగా గుర్తుండేవి. తెల్లారగట్ట పుంతలో అడుగుల జాడ చూసి ఎవరు ముందు పోయారో చెప్పేవాడు. చిన్నప్పుడు నాకది గొప్ప విద్య అనిపించేది. తర్వాత సిగ్గేసింది. ఇప్పుడు మళ్ళీ గొప్పగానే అనిపిస్తంది.

1985 జూలై 17న కారంచేడు జరిగినప్పుడు నేను పదో తరగతి లెక్కలు తప్పి ఇంటికాడ ఉన్నా. మా బాబాయి చీరాల శిబిరానికి పోయి పది రోజులుండి వచ్చాడు. వచ్చినవాడు అంతకుముందు మనిషి కాదు. గోడకి అంబేద్కర్ క్యాలెండర్ తగిలించాడు. మా పల్లెలో అదే మొదటి బొమ్మ. ఆ మొహాన్ని చూసి చూసి బంకమట్టితో చేశా. కళ్ళజోడుకి చీపురుపుల్లలు వంచి పెట్టా. ఎండలో ఎండి రెండు చెంపలూ పగిలినయ్.

ఆ మరుసటి ఎండాకాలం, కాలవలు కట్టేసినప్పుడు, మా బాబాయి బండి మీద తెనాలిలోని ఒక శిల్పశాలకి బంకమట్టి తోలాం. తట్టలు దించే కూలీగా పోయా. లోపల ఇనప చువ్వలతో కట్టిన మనిషి ఎముకల గూడు నిలబడి ఉంది. మేం తెచ్చిన మట్టి ముద్దల్ని ఒకాయన దాని తొడల మీద వేసి అరిచేత్తో అదుముతున్నాడు. బండి ఎనక్కి మళ్ళింది. నేను మళ్ళలేదు. "మట్టి తొక్కుతానయ్యా, ఏం ఇయ్యొద్దు" అన్నా. ఆయన ఏ కులమని అడిగాడు, చెప్పా. కాసేపు ఊరుకుని, "సరే, వెనక షెడ్డులో ఉండు" అన్నాడు.

ఆయన్ని గురువుగారనే పిలిచాను, ఇప్పుడూ అట్టాగే అంటాను. మంచివాడు. కానీ ఆయన మంచితనానికి ఒక గీత ఉండేది. మంచినీళ్ళ కుండ వేరు. గుళ్ళ విగ్రహాలకి కన్ను తెరిచే రోజున నేను షెడ్డులోకి రాకూడదు. దేవుళ్ళ మైనం ముట్టుకోకూడదు, దేవుళ్ళ లోహం కరిగించే కొలిమికి బొగ్గు మాత్రం నేనే వెయ్యాలి. మా తాత బయట నిలబడితే నన్ను లోపల నిలబెట్టారు, తేడా అంతే. జంధ్యం వేసుకున్న కుర్రాళ్ళకి కొలతలు, తాళమానాలు నోటితో చెప్పేవాడు. నాకెవరూ చెప్పలేదు. చూసి నేర్చుకున్నా. దొంగతనంగా నేర్చుకున్నది గట్టిగా వంటబట్టిద్ది, ఏకలవ్యుడి కథ రాసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలిసే బొటనేలు అడిగించారు.

పని ఎట్టా జరిగిద్దో చెప్తా. కంచు విగ్రహమంటే లోహపు దిమ్మె అనుకుంటారు. అది బోలు. ముందు మట్టి బొమ్మ చేస్తాం. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు తీస్తాం. ఆ అచ్చు లోపల కరిగిన మైనాన్ని బద్ద మందాన పూస్తాం. మైనం ఎంత మందమో రేపు లోహం అంత మందం. కేజీ మైనం పడితే తొమ్మిది పది కేజీల లోహం కావాలి. మైనపు తొడుగు కడుపులో ఇటికపొడి, ప్లాస్టర్ కలిపి నింపి, అది కదలకుండా మేకులు దిగేస్తాం. లోహం లోపలికి పోను దార్లు, గాలి బయటికి పోను దార్లు మైనపు కడ్డీలతోనే కడతాం. పైన మళ్ళీ అదే కలుపు మెత్తి, రెండు మూడు రోజులు బట్టీలో కాలిస్తే మైనం కారిపోయిద్ది. ఆ ఖాళీలోకి కంచు పోస్తాం. మా వాడకంలో మంచి పాళ్ళు రాగి 85, తగరం 5, జింకు 5, సీసం 5. ఏడడుగుల మనిషిని ఒక్కసారి పొయ్యలేం. తల, మొండెం, చేతులు, కాళ్ళు విడివిడిగా పోసి, వెల్డింగ్ చేసి, అతుకులు కనపడకుండా చెక్కి, యాసిడ్ మందులతో కాల్చి రంగు తెప్పిస్తాం. చెప్పటానికి ఇంతే. మైనంలో చిన్న బుడగ మిగిలితే నెల రోజుల పని మట్టిపాలు.

1990లో అంబేద్కర్‌కి భారతరత్న ఇచ్చారు, 91లో శతజయంతి. పల్లె పల్లెనుంచీ జనం శిల్పశాలకి రావటం మొదలుపెట్టారు. ఎక్కువగా సిమెంటు బొమ్మలకి, ఎక్కడో ఒక్కటి కంచుకి. గురువుగారు నన్ను పిలిచి, "మీ వాళ్ళదే కదరా, మొహం నువ్వు చెయ్యి" అన్నారు. కోపమొచ్చింది, సంతోషమూ వేసింది. అప్పటిదాకా ఏ షాపులోనైనా పద్ధతి ఏందంటే, ఒకటే కోటు మొండెం అచ్చు పెట్టుకుని తల మార్చటం. అంబేద్కర్ తల పెడితే అంబేద్కర్, ఇంకో తల పెడితే ఇంకో నాయకుడు. జనం కూడా కళ్ళజోడు, పుస్తకం ఉంటే చాలనుకునేవాళ్ళు.

వేలు చూపించే ఆ నిలబడటం ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. బొంబాయి శిల్పి బి.వి. వాఘ్ చేసిన పన్నెండడుగుల కంచు విగ్రహాన్ని 1967 ఏప్రిల్ 2న పార్లమెంటు ఆవరణలో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ఆవిష్కరించాడు. ఎడమ చేత రాజ్యాంగం, చాచిన కుడిచెయ్యి. నేను చూసినంతలో మన పల్లెల్లోని బొమ్మలన్నీ దాని పిల్లలే. దాని ఫొటో కార్డు ఒకటి సంపాదించి, అంచులు చిరిగేదాకా చూశా. ఆ విగ్రహాన్ని కూడా 2024లో అదే ఆవరణలో వేరే చోటికి జరిపారు. విగ్రహం పెట్టటం ఎంత రాజకీయమో జరపటం కూడా అంతే.

నేను ఆ మొదటి మొహం మీద పనిలో ఉండగానే 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనిమిది మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. మా శిల్పశాలకి కూతవేటు కాకపోయినా ఎంతో దూరం కాదది. పల్లెవాళ్ళు తెనాలి వచ్చి తలదాచుకున్నారు. గురువుగారు "అటు పోమాక, పోలీసులున్నారు" అన్నారు. రాత్రి పోయా. అన్నం పొట్లాలు పంచే చోట ఒక ముసలామె నా చేతుల మట్టి చూసి "ఎవర్ని పూడ్చొచ్చావు నాయనా" అనడిగింది. నేను జవాబు చెప్పలేకపోయా. శవాల్ని ఊరి నడుమ పూడ్చారు, ఆ చోటుని రక్తక్షేత్రం అంటున్నాం. 2007 జూలై 31న అక్కడే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ రెండు తేదీల మధ్య నేను ఎన్ని అంబేద్కర్లు పోసి ఉంటానో, ఆ వేళ్ళన్నీ ఎటు చూపిస్తున్నాయో అప్పుడప్పుడూ అనుకుంటుంటా.

1992లో మా ఊళ్ళో బొమ్మ పెట్టారు. సిమెంటుది, నేనే చేశా, డబ్బులు తీసుకోలేదు. రెండు పల్లెలకీ మధ్య రోడ్డు మీద నిలబెట్టాం. మాలపల్లె వైపు మొహం పెట్టాలా మాదిగపల్లె వైపు పెట్టాలా అని పెద్దలు రెండు రాత్రులు కొట్టుకుని, చివరికి ఊరి వైపు తిప్పారు. దండోరా వచ్చాక ఆ పాత కొట్లాట మళ్ళీ లేచింది, అది వేరే కథ.

1998 వానాకాలంలో ఒక తెల్లారి చూస్తే బొమ్మ చూపుడువేలు లేదు. మెడలో చెప్పుల దండ. అంతకు ముందు సంవత్సరమే బొంబాయి రమాబాయి నగర్‌లో ఇట్టాగే దండ వేస్తే, అడిగినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపి పది మందిని చంపారు. అందుకని మా పెద్దలు కుర్రాళ్ళని పట్టుకుని ఆపారు. నేను తెనాలి నుంచి పోయేసరికి దండ దించి కింద పెట్టారు. పదకొండు చెప్పులు. మా అయ్య గొంతుక్కూర్చుని ఒక్కోదాన్ని తిరగేసి చూస్తన్నాడు. మూడింటిని పక్కకి తీశాడు.

"ఇయ్యి నేను కుట్టినయ్యే."

నా గుండె ఆగినట్టయింది.

"ఇది పలానా ఆసామిది. ఆయనకి ఎడం మడమ లోపలికి పడుద్ది. అందుకే ఇక్కడ ఇంకో పొర ఏసినా" అని నాకొక్కడికే వినపడేటట్టు అన్నాడు.

ఎస్సై వచ్చాడు. ఎవరి మీదైనా అనుమానముందా అన్నాడు. నేను మా అయ్య వైపు చూశా. ఆయన నేల చూశాడు. కాయితం మీద గుర్తుతెలియని వ్యక్తులు అని రాసుకున్నారు. ఇంటికొచ్చాక నేను అరిచా. "చెప్పు ఎవరిదో చెప్పగలనురా. దండ ఎవరు గుచ్చారో ఎట్టా చెప్పను? పెంటలో పారేసింది ఎవడైనా ఏరుకోవచ్చు" అన్నాడు. అందులో నిజం ఉంది. ఆ ఆసామికి మేం బాకీ ఉన్న సంగతి కూడా నిజం. రెండింట్లో ఏ నిజం ఆయన నోరు మూయించిందో నాకు తెలీదు. నేను మాత్రం అనకూడని మాట అన్నా. "నీ బతుకంతా వాళ్ళ కాళ్ళ కాడే" అన్నా. తోలు తడిపే కుండ పక్కన కూచోనున్నాడు. లేచి బయటికి పోయాడు. మూడేళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. కానీ ఆ ఇంటికి చెప్పులు కుట్టటం మానేశాడని, మేర పోగొట్టుకున్నాడని అమ్మ చెబితే చాలా రోజులకి తెలిసింది. ఎవరికీ చెప్పకుండా మానేశాడు. ఉపన్యాసాలిచ్చే నాకు ఆ పని పోరాటంగా కనపడలేదు.

కంచు విగ్రహం పెట్టాలని 2001లో రెండు పల్లెలూ కలిసి అనుకున్నాయి. అప్పటికి నేను విడిగా ఊరి చివర రేకుల షెడ్డు వేసుకున్నా. నాలుగు వందల కేజీలకి పైగా లోహం కావాలి. చందాలు సగానికి కూడా రాలేదు. అప్పుడు ఆడవాళ్ళు ఇత్తడి బిందెలు, చెంబులు, కంచు గిన్నెలు తెచ్చి రాశి పోశారు. "ఇయ్యి కరిగించు నాయనా, ఆయన ఒంట్లో మేం ఉంటాం" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి మొదటిసారి ఒప్పుకుంటున్నా. ఆ సామాను నేను కరిగించలేదు. ఇత్తడిలో జింకు ఎక్కువ. కొలిమిలో పడితే తెల్లపొగై లేచిద్ది, పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం. పోత మచ్చలు పడుద్ది. గిన్నెల కంచులో తగరం ఎక్కువ, మోగిద్ది గానీ పెళుసు, దెబ్బ తగిలితే పగిలిద్ది. వేలు విరిచే ఊళ్ళో పెళుసు లోహంతో ఎట్టా పోస్తాం? తెనాలిలో పాతసామాన్ల కొట్లో అమ్మేసి, రాగి తీగ ముక్కలు, తగరం కొన్నా. ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ మా పల్లె ముసలమ్మలు ఆ విగ్రహాన్ని చూపించి "నా బిందె ఆ భుజంలో ఉంది" అంటారు. అమ్మ గిన్నె ఒక్కటే అమ్మలేకపోయా. అది ఆమెకి పుట్టింటి నుంచి వచ్చింది. వంద కేజీల లోహంలో ముప్పావు కేజీ కలిస్తే ఏం కాదని లెక్కేసుకుని మూసలో వేశా.

మైనం పని నడుస్తుండగా ఒక మధ్యాహ్నం మా అయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే గాని రాలేదు. కొడుకు కొలిమి అయినా సరే. వచ్చి మొహం కేసి చూడలా. వంగి బూట్లు చూశాడు.

"కుట్టేదిరా?"

"ఏం కుట్టు?"

"బూటు అడుగు ఊరికే అతుక్కుంటదా? ఎస్సైల బూట్లు బాగుచేసినోణ్ణి, నాకు తెలవదా? చుట్టూ కుట్టుంటది. ఇది బూటు గాదు, పిడక."

పదేళ్ళ నుంచి అంబేద్కర్లు చేస్తన్నా. కళ్ళజోడు బొమిక దగ్గర ఎట్టా ఆనుద్దో, కోటు జేబులో పెన్ను ఎంత పైకి కనపడాలో తెలుసు. బూట్లకి ఒక్క కుట్టు పెట్టలేదు. చెప్పులు కుట్టేవాడి కొడుకుని. ఆయన నడుముకి ఉన్న ఆరె తీసి, మైనపు బూటు ముందు కూచున్నాడు. రెండు రోజులు కూచున్నాడు. ఒక్కో కుట్టుకి చిన్న గుంట, గుంట మధ్య ఉబ్బు. కూలిస్తానంటే కసురుకున్నాడు. ఆ రెండు రోజుల్లో మూడేళ్ళ పాత మాట గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కుడిచెయ్యి మొదటి పోతలో చెడిపోయింది. వేలు సగం దాకా వచ్చి ఆగింది. సన్నటి చోట లోహం తొందరగా గడ్డకట్టిద్ది, పైగా వేలు కొనలో గాలి ఇరుక్కుంది. నేను తల పట్టుకుని కూచుంటే ఆయన అచ్చు పెంకులు అటూ ఇటూ తిప్పి చూసి, "గాలి లోపలికి పోను దారే గాదు, బయటికి పోను దారి గూడా ఉండాల. తిత్తికి రెండూ ఉంటయ్" అన్నాడు. వేలు కొన నుంచి ఒక దారి తీసి, లోపల గుజ్జు లేకుండా వేలంతా గట్టిగా వచ్చేటట్టు మళ్ళీ పోశాం. ఆ వేలు ఇప్పటిదాకా ఎవరి వల్లా విరగలేదు. ప్రయత్నం జరిగింది, గొడ్డలి దెబ్బ గాటు ఒకటుంది.

2002 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. పెద్దవాళ్ళు వచ్చారు, పోయారు. గోధుమ నలుపు రంగులో నిగనిగలాడుతున్న విగ్రహం కింద మా వాళ్ళు గుసగుసలాడారు. "కోటు నీలంగా లేదేందిరా?" కంచుకి రంగు వెయ్యరని, ఆ రంగు తెప్పించటానికి నేను నాలుగు రోజులు మందులు పూసి మంటతో కాల్చానని చెప్పా. తలలాడించారు. సంవత్సరం ఊరుకున్నారు. తర్వాతి జయంతికి నాకు చెప్పకుండా కోటుకి నీలం ఎనామిల్, బూట్లకి నల్ల ఎనామిల్ కొట్టేశారు. చూసి నాకు ఏడుపొచ్చింది. వారం రోజులు ఊరి మొహం చూడలేదు.

ఇప్పుడు 125 అడుగుల అంబేద్కర్లు వచ్చారు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద. హైదరాబాదుది చేసిన రామ్ సుతార్ ధూలే జిల్లాలో వడ్రంగి ఇంట్లో పుట్టినవాడే. పనిమంతుడు, కాదనను. విజయవాడ పోయి కింద నిలబడి చూస్తే నా మెడ నొప్పెట్టింది గాని, మా రోడ్డు మీద నిలబడ్డ ఏడడుగుల మనిషిని చూస్తే కలిగేది కలగలేదు. బహుశా నా అలవాటు అది. మా షెడ్డుకి ఇప్పుడు కంచు బేరాలు తక్కువ, అంతా ఫైబర్ అడుగుతున్నారు.

మా అయ్య 2009లో పోయాడు. రంగేసిన సంవత్సరం సంగతి ఒకటి చెప్పాలి. వారం తర్వాత కోపం తగ్గి ఊరికి పోయా. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద మనిషి లేడు. విగ్రహం కాడ పీఠమెక్కి కూచుని ఎవరో ఏదో గీకుతున్నారు. అప్పుడే అటొచ్చిన మాలపల్లె కుర్రాడు ఒకడు రాయి తీసుకుని "ఎవడ్రా అది, బొమ్మని గీకేది" అని పరిగెత్తాడు. దగ్గరికి పోయి చూసి రాయి కింద పడేశాడు. మా అయ్య. ఒక కాలు మడిచి, ఒక కాలు చాచి, ఇంటి ముందు పని చేసుకునేటప్పుడు కూచున్నట్టే కూచుని, ఆరె మొనతో కుట్టు కుట్టులోంచీ నల్ల రంగు తీస్తన్నాడు. ఎడమ బూటు అయిపోయింది. కుడి బూటు సగంలో ఉంది.

"ఎండలో ఏంది అయ్యా ఇది?" అన్నా.

తల ఎత్తలేదు. "పూడిపోయినయ్ రా" అని, ఇంకో కుట్టులోకి మొన దింపాడు.